గాయం ఏదీ, చూపించు!

తేలు కుట్టిందని గిలగిల్లాడుతున్న మనిషిని ఎవరూ "గాయం ఏదీ, చూపించు" అని అడగరు. చూపించడానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు కూడా. సూది గుచ్చినంత చుక్క, చుట్టూ కాస్త ఎరుపు, అంతే. అయినా ఊరంతా నమ్ముతుంది, పరిగెత్తుతుంది, బండి తీస్తుంది. ఆ నొప్పిని బయటికి కనపడకుండా దాచుకోవడం ఎంత కష్టమో చెప్పడానికే కదా మనకి "తేలు కుట్టిన దొంగ" అనే మాట ఉంది.

ఇప్పుడు మా హాస్టల్‌కి రండి. పీరియడ్స్ మొదటి రోజు ఒకమ్మాయి మంచం మీద ముడుచుకుని పడుకుంది, ల్యాబ్‌కి వెళ్ళలేకపోయింది. మర్నాడు వినిపించే డైలాగ్: "అందరికీ వచ్చేదే కదమ్మా, మిగతావాళ్ళు రాలేదా?" ఇంకొంచెం దూరం, పల్నాడులో మా ఊరికి రండి. మా నానమ్మకి పద్దెనిమిదేళ్ళుగా షుగర్. రాత్రయితే అరికాళ్ళు కారం రాసినట్టు మండుతున్నాయని గచ్చు మీద కాళ్ళు ఆనించుకుని కూర్చుంటుంది. నరాల టెస్ట్ చేయించారు, నార్మల్ అని వచ్చింది. అప్పట్నించీ ఇంట్లో అందరూ "వయసైపోయింది, అలాగే ఉంటుంది" అనే తీర్పుకి వచ్చేశారు.

తేలు దగ్గర కూడా గాయం కనపడదు, వీళ్ళ దగ్గర కూడా కనపడదు. తేలుకున్న పరపతి వీళ్ళకి ఎందుకు లేదు?

నేను చెప్పదలుచుకున్నది ఇదీ: గాయం వేరు, నొప్పి వేరు. రెండింటికీ మధ్యలో ఒక గేటు ఉంది. ఆ గేటు ఎంత తోస్తే తెరుచుకుంటుందనేది మనిషి మనిషికీ మారుతుంది, ఒకే మనిషిలో ఇవాళ్టికీ రేపటికీ కూడా మారుతుంది. కాబట్టి గాయాన్ని చూసి నొప్పిని లెక్కకట్టడం న్యాయం సంగతి అటుంచి, సైన్స్ ప్రకారమే తప్పు. సీఎస్‌ఈ వాళ్ళకి ఇదంతా ఎందుకంటారా? సెకండ్ ఇయర్‌లో మాకు "బయాలజీ ఫర్ ఇంజనీర్స్" అని ఒక సబ్జెక్ట్ ఉంది. మధ్యాహ్నం భోజనం తర్వాత పీరియడ్, సగం క్లాస్ నిద్రలో ఉంటుంది. నేను నరాల చాప్టర్ దగ్గర మేలుకున్నాను, ఇంకా నిద్ర పట్టలేదు.

గేటు అన్నాను కదా, దాని పేరు సోడియం చానెల్.

నొప్పిని పసిగట్టే నరకణాలు వెన్నెముకకి పక్కనే గుత్తులుగా ఉంటాయి. అక్కణ్ణించి ఒక సన్నటి పోగు కాలి బొటనవేలి చివరిదాకా వస్తుంది. ఒకే కణం, మీటరు పొడుగు! పోగు లోపల బయటికన్నా సుమారు 60, 70 మిల్లీవోల్టులు నెగటివ్‌గా ఉంటుంది. సోడియం, అదే మన ఉప్పులో ఉండే సోడియం, బయట ఎక్కువగా, లోపల తక్కువగా ఉంటుంది. పోగు గోడలో ప్రొటీన్‌తో చేసిన తలుపులు మూసి ఉంటాయి. లోపలి వోల్టేజ్ కాస్త పెరిగి ఒక హద్దు దాటగానే ఆ తలుపులు తెరుచుకుంటాయి, సోడియం లోపలికి దూకుతుంది, దాంతో వోల్టేజ్ ఇంకా పెరుగుతుంది, పక్క తలుపులూ తెరుచుకుంటాయి. మిల్లీసెకను అటూ ఇటూగా ప్రతి తలుపుకీ లోపల్నించి గొళ్ళెం పడిపోతుంది. కానీ అల మాత్రం ముందుకెళ్ళిపోయి ఉంటుంది. హద్దు దాటితే పూర్తి సిగ్నల్, దాటకపోతే సున్నా. సగం సిగ్నల్ అనేది లేదు. ఒకటీ సున్నాలతో బతికే మనకి ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

రాత్రి చీకట్లో మంచం కోడుకి బొటనవేలు తగిలినప్పుడు గమనించండి. ముందు చురుక్కుమంటుంది. "అమ్మా" అని కాలు పట్టుకునేలోపు, ఓ సెకను ఆగి, అసలు నొప్పి సలుపుతూ వస్తుంది. ఇవి రెండు వేర్వేరు తీగల మీద వచ్చే రెండు వార్తలు. చురుకు తెచ్చే పోగులకి కాస్త తొడుగు ఉంటుంది, వేగం ఎక్కువ. సలుపు తెచ్చేవి తొడుగు లేని సన్నటి సి పోగులు, సెకనుకి ఒక మీటరు అటూ ఇటూగా నడుస్తాయి. అంటే మనం మామూలుగా నడిచే వేగం కూడా లేదు!

ఈ తలుపుల లెక్కని మొదట తేల్చింది హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు. స్క్విడ్ అనే సముద్రజీవి నరం మీద పనిచేసి 1952లో సమీకరణాలు ప్రచురించారు, 1963లో నోబెల్ వచ్చింది. మన బ్రాంచ్ వాళ్ళకి నచ్చే సంగతి ఒకటుంది. ఆ సమీకరణాలు సాల్వ్ చేద్దామనుకునే సమయానికి కేంబ్రిడ్జ్‌లో ఉన్న కంప్యూటర్ మార్పుల కోసం నెలల తరబడి ఆపేసి ఉంది. హక్స్‌లీ ఏం చేశాడంటే, చేత్తో తిప్పే లెక్కల మెషిన్ ముందేసుకుని, వారాల పాటు హ్యాండిల్ తిప్పుతూ, ఒక్కో స్టెప్పూ కాగితం మీద వేసుకుంటూ కొన్ని మిల్లీసెకన్ల నరాన్ని సిమ్యులేట్ చేశాడు. సర్వర్ డౌన్ అయితే అసైన్‌మెంట్ వాయిదా వేయమని మెయిల్ పెట్టే మనం కాసేపు మౌనం పాటించొచ్చు.

అయితే ఈ తలుపులు ఒకే రకం కాదు. మన ఒంట్లో తొమ్మిది రకాలున్నాయి, నావ్ 1.1 నించి నావ్ 1.9 దాకా నంబర్లు ఇచ్చారు. కొన్ని మెదడులో, ఒకటి గుండెలో, ఒకటి కండల్లో. నొప్పి నరాల్లో ముఖ్యంగా పనిచేసేవి 1.7, 1.8, 1.9. వీటిల్లో 1.7 మైక్ దగ్గరుండే యాంప్లిఫయర్ లాంటిది, చిన్న కదలికని కూడా పెంచి హద్దు దగ్గరికి తీసుకొస్తుంది. హద్దు దాటాక సిగ్నల్‌ని ఎగదోసే కరెంట్‌లో ఎక్కువ భాగం 1.8ది.

గుంటూరు వైపు మిర్చి తొడాలు తీసే ఆడవాళ్ళని అడిగితే ఇంకోటి చెప్తారు. పని ముగిసిన రాత్రి చేతులు నిప్పుల్లో పెట్టినట్టు ఉంటాయి. కాలిన మచ్చ ఒక్కటీ ఉండదు. నరం చివర వేడిని పసిగట్టే వేరే చానెల్ ఒకటుంది, మిరపలోని క్యాప్సైసిన్ దాన్ని తెరుస్తుంది. (దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్‌లో భాగం దక్కింది.) అది రేపిన చిన్న కరెంట్‌ని సోడియం తలుపులు అందుకుని మెదడు దాకా మోస్తాయి. చేతికి ఏ మంటా అంటలేదు, కానీ మంట పుట్టింది. తేలు ఇంకా ముదురు. ఎర్ర తేలు విషంలో ఉండే కొన్ని పదార్థాలు సోడియం తలుపులకి గొళ్ళెం పడకుండా అడ్డం పెడతాయి. తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉంటుంది, నరం మోగుతూనే ఉంటుంది. అంటే ఊరంతా నమ్మే ఆ తేలు నొప్పికి అసలు కారణం కంటికి కనపడని తలుపుల దగ్గరే ఉంది. చర్మం మీద చుక్క విషం లోపలికెళ్ళిన దారి, అంతే.

గాయానికీ నొప్పికీ పూర్తిగా తెగిపోతే ఎలా ఉంటుందో చూపించే మనుషులు రెండు వైపులా ఉన్నారు.

ఒకవైపు, ఉత్తర పాకిస్తాన్‌లో ఒక పిల్లవాడు. వీధిలో ప్రదర్శనలిచ్చేవాడు. చేతుల్లోంచి కత్తులు దించుకునేవాడు, నిప్పుల మీద నడిచేవాడు. నొప్పి అంటే ఏమిటో తెలియదు. పరిశోధకులు అతని గురించి విన్నారు, కానీ పరీక్షించేలోపే, పద్నాలుగో పుట్టినరోజు రాకముందే, ఇంటి కప్పు మీద నించి దూకి చనిపోయాడు. అతని బంధువర్గంలోని మూడు కుటుంబాల నించి అలాంటి ఆరుగురు పిల్లల్ని పరిశీలించి 2006లో నేచర్ పత్రికలో ఫలితం ప్రచురించారు. అందరిలోనూ నావ్ 1.7ని తయారుచేసే ఎస్‌సీఎన్9ఏ అనే జీన్ పాడైంది. తాకితే తెలుస్తుంది, చల్లన వెచ్చన తెలుస్తాయి, నొప్పి ఒక్కటే తెలియదు. చిన్నప్పుడే పెదాలు, నాలుక కొరుక్కున్న గుర్తులు అందరికీ ఉన్నాయి. ఎముకలు విరిగినా తెలియకుండా తిరిగారు. మన సినిమాల్లో హీరో బుల్లెట్ తగిలినా కనురెప్ప వేయడు, ఈలలేస్తాం. నిజంగా నొప్పి లేనివాళ్ళ జీవితం అలా ఈలలేసేలా ఉండదు.

రెండోవైపు, ఎరిత్రోమెలాల్జియా అనే జబ్బున్నవాళ్ళు. సాక్స్ వేసుకున్నా, కాస్త నడిచినా, గది వెచ్చగా ఉన్నా పాదాలు ఎర్రబడి నిప్పు అంటుకున్నట్టు మండుతాయి. ఐసు నీళ్ళలో గంటలు గంటలు కాళ్ళు పెట్టుకుని, ఆ చల్లదనానికే చర్మం పాడుచేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఈ జబ్బుకి పేరు పెట్టింది 1878లో. తరతరాలుగా కుటుంబాల్లో వచ్చే రకానికి కారణం తెలిసింది 2004లో. చైనా పరిశోధకులు వెతికి పట్టుకున్నది ఏ జీనో తెలుసా? అదే ఎస్‌సీఎన్9ఏ. అదే ఏడాది యేల్ యూనివర్సిటీలో స్టీఫెన్ వాక్స్‌మన్ బృందం ఆ మారిన తలుపుని విడిగా పరీక్షించింది. మామూలు దానికన్నా తక్కువ తోపుకే అది తెరుచుకుంటోంది. తేడా ఎంతంటే మిల్లీవోల్టుల్లో. మనం ఫోన్ ఛార్జర్‌లో పట్టించుకోని అంకె అది! ఆ తేడాతో ఒక మనిషి జీవితాంతం బకెట్ పక్కన కూర్చుంటున్నాడు.

ఆ 1878కీ 2004కీ మధ్య నూట పాతికేళ్ళ పైచిలుకు ఉంది. అన్నేళ్ళలో ఎంతమందికి "నీకేం లేదు, అంతా మనసులోనే" అని చెప్పి పంపించి ఉంటారో అని నాకు పదే పదే అనిపిస్తుంది. కారణం తెలియకపోవడం డాక్టర్ల తప్పు కాదు. కారణం తెలియదు కాబట్టి నొప్పే లేదనడం మాత్రం వేరే సంగతి.

ఇవి అరుదైన కేసులే కదా, మాకేంటి అంటారేమో. 2012లో డచ్ పరిశోధకులు, యేల్ వాళ్ళు కలిసి చేసిన పని చూడండి. పాదాలు మండుతున్నాయని వచ్చి, ఏ కారణమూ దొరకని 28 మందిని తీసుకున్నారు. వీళ్ళలో సన్న నరాలు దెబ్బతిన్నాయని చర్మపు ముక్క పరీక్షలాంటి వాటితో తేల్చారు. 28 మందిలో 8 మందికి నావ్ 1.7లో తేడా దొరికింది. ఇక్కడ అసలు విషయం టెస్ట్ గురించి. మామూలుగా ఆసుపత్రుల్లో చేసే నరాల వేగం టెస్ట్ లావు పోగుల్ని కొలుస్తుంది. నొప్పి మోసే సన్న పోగులు అందులో కనపడవు. లావు పోగులు బాగుంటే రిపోర్ట్ "నార్మల్" అనే వస్తుంది. మన భాషలో చెప్పాలంటే, రాసిన టెస్ట్ కేసులన్నీ పాసయ్యాయి, క్రాష్ అవుతున్న మాడ్యూల్‌కి అసలు టెస్టే రాయలేదు. "ఆల్ టెస్ట్స్ పాస్డ్" అని చూపించి యూజర్‌ని అబద్ధాలకోరు అంటే మన టీమ్ లీడ్ ఊరుకుంటాడా?

మా నానమ్మకి ఆ జీన్ తేడా ఉందని నేననడం లేదు. షుగర్ ఉన్నవాళ్ళ దారి వేరే. రక్తంలో గ్లూకోజ్ విరిగేటప్పుడు పుట్టే మిథైల్‌గ్లయాక్సాల్ అనే పదార్థం, నొప్పి ఉన్న షుగర్ పేషెంట్లలో ఎక్కువగా ఉందని, అది నావ్ 1.8 తలుపుకి అంటుకుని నరాన్ని చిరాకు పెడుతుందని 2012లోనే ఎలుకల మీద చూపించారు. అంటే "కారం రాసినట్టు" అనే ఆవిడ మాట ఊరికే అన్న పోలిక కాదు. మిరప తెచ్చే వార్తా, షుగర్ తెచ్చే వార్తా ఒకే రకం తీగ మీద వస్తున్నాయి. మెడికల్ కాలేజీ గడప తొక్కని మా నానమ్మ తన నరాల సంగతి రిపోర్ట్ కన్నా సరిగ్గా చెప్పింది.

హాస్టల్ మంచం మీది అమ్మాయి సంగతి. పీరియడ్స్‌లో గర్భాశయం పొర నించి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. ఇవి గర్భాశయాన్ని బిగదీస్తాయి, అది సగం కథ. మిగతా సగం ఏమిటంటే, వీటిల్లో ఒకటి నొప్పి నరాల్లోని నావ్ 1.8 రకం కరెంట్‌ని పెంచుతుందనీ, అది తెరుచుకునే హద్దుని కిందికి దించుతుందనీ 1996 నించీ ప్రయోగాల్లో తెలుసు. అంటే అదే ఒత్తిడి, అదే బిగింపు, నిన్న హద్దు దాటనిది ఇవాళ దాటుతుంది. ప్రతి హాస్టల్ రూమ్‌లో దొరికే మెఫ్తాల్ చేసే పనుల్లో ఒకటి ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గించడమే. ఆ రసాయనాల మోతాదు అమ్మాయికీ అమ్మాయికీ మారుతుంది. "మిగతావాళ్ళు రాలేదా" అనే ప్రశ్నకి ఇదే జవాబు. మిగతావాళ్ళ హద్దు వేరు, ఈ అమ్మాయి హద్దు వేరు. అందరికీ ఒకే త్రెషోల్డ్ హార్డ్‌కోడ్ చేసి పెట్టింది ప్రకృతి కాదు, ఆ ల్యాబ్ రిజిస్టర్.

ఇక్కడ మా రూమ్‌మేట్ ఒక అభ్యంతరం చెప్పింది, సరైనదే. "అలా అయితే ఎవరైనా నొప్పి అని చెప్పి ల్యాబ్ ఎగ్గొట్టొచ్చుగా?" ఎగ్గొట్టొచ్చు. జ్వరం అని చెప్పీ ఎగ్గొడతారు, తాతయ్యని మూడుసార్లు చంపి కూడా ఎగ్గొడతారు. కొందరు అబద్ధం చెప్తారని తాతయ్యల చావుల్ని మనం నమ్మడం మానేయలేదు. అబద్ధం చెప్పినవాడికి ఒక ల్యాబ్ మిగులుతుంది. నిజం చెప్పినా నమ్మనివాళ్ళు ఇంకోసారి చెప్పడం మానేస్తారు. మా నానమ్మ మానేసింది. రెండేళ్ళుగా డాక్టర్ దగ్గర కాళ్ళ మంటల ఊసే ఎత్తడం లేదు, బీపీ చూపించుకుని వచ్చేస్తోంది. నాకు ఈ రెండో నష్టమే పెద్దదనిపిస్తుంది.

మరి తలుపు దొరికింది కదా, దానికి తాళం వేసే మాత్ర చేస్తే సరిపోదా? ఇంజనీర్‌కి వచ్చే మొదటి ఆలోచన ఇదే, మందుల కంపెనీలకీ ఇదే వచ్చింది. పంటి డాక్టర్ ఇచ్చే లిడోకైన్ చేసేది అదే, కానీ అది రకం చూడకుండా అన్ని సోడియం తలుపుల్నీ మూస్తుంది. ఒళ్ళంతా పాకితే గుండె, మెదడు తలుపులు కూడా మూసుకుంటాయి. అందుకే ఒక్క 1.7నే మూసేది కావాలి. 2006 తర్వాత చాలామంది దాని వెంటపడ్డారు. షుగర్ నరాల నొప్పికి ఫైజర్ ప్రయత్నించిన మందు డమ్మీ మాత్ర కన్నా చెప్పుకోదగ్గ మేలు చూపించలేదు. పుట్టుక నించీ 1.7 లేనివాళ్ళలో ఇంకో మెలిక ఉందని 2015లో లండన్ పరిశోధకులు చూపించారు. వాళ్ళ ఒంట్లోనే మార్ఫిన్ లాంటి పదార్థాల ప్రభావం ఎక్కువగా ఉంది. దాన్ని అడ్డుకునే నాలోక్సోన్ ఇస్తే, పుట్టినప్పట్నించీ నొప్పి ఎరగని ఒకావిడకి మొదటిసారి నొప్పి తెలిసింది. ఒక లైన్ కామెంట్ చేస్తే బగ్ పోతుందనుకున్నారు, ఆ లైన్‌కి ఎన్ని డిపెండెన్సీలున్నాయో తర్వాత తెలిసింది.

చివరికి ఫలించింది 1.8 మీద. 2025 జనవరి 30న అమెరికా ఎఫ్‌డీఏ సుజెట్రిజిన్ అనే మాత్రకి అనుమతి ఇచ్చింది, వెర్టెక్స్ కంపెనీది, అమ్మే పేరు జర్నావెక్స్. ఆపరేషన్ తర్వాత వచ్చేలాంటి తక్షణ నొప్పికి మాత్రమే. మెదడులో పనిచేయదు కాబట్టి ఓపియాయిడ్ మాత్రల్లాగా అలవాటు పడే భయం ఉండదని అంచనా. 2025లో అమెరికాలో మాత్ర ధర 15.50 డాలర్లు ఉండేది, మా నానమ్మ నెల పెన్షన్‌తో ఎన్ని వస్తాయో మీరే లెక్కేసుకోండి. డమ్మీ కన్నా బాగా పనిచేసింది, ఓపియాయిడ్ కలిపిన మాత్రని మాత్రం మించలేదు. నడుము నించి కాల్లోకి లాగే నొప్పి మీద చేసిన చిన్న ట్రయల్‌లో దీనికీ డమ్మీకీ తగ్గుదల దాదాపు ఒకేలా వచ్చింది. గొప్ప విజయం అని ఊదరగొట్టక్కర్లేదు, తీసిపారేయక్కర్లేదు.

నాకు ఈ ట్రయల్స్‌లో ఆసక్తిగా అనిపించింది వేరే. ఒక్కో ట్రయల్‌లో వెయ్యి మందికి పైగా. అన్ని కోట్లు పోసి, తలుపు స్థాయిలో మందు తయారుచేసి, చివరికి నొప్పి తగ్గిందో లేదో ఎలా కొలిచారు? మెషిన్‌తో కాదు, స్కాన్‌తో కాదు. "సున్నా నించి పది దాకా ఇప్పుడు మీ నొప్పి ఎంత?" అని అడిగారు. పేషెంట్ చెప్పిన అంకె రాసుకున్నారు. రెండు రోజుల పాటు మళ్ళీ మళ్ళీ అడిగి, మళ్ళీ మళ్ళీ రాసుకున్నారు. ఎఫ్‌డీఏ ముందుకి వెళ్ళిన ముఖ్యమైన డేటా ఆ అంకెలే. అంతకన్నా మంచి మీటర్ ఇప్పటికీ లేదు. డమ్మీ మాత్రకి కూడా నొప్పి తగ్గిందంటే అంతా నాటకమనుకోకండి. పన్ను పీకించుకున్నవాళ్ళ మీద 1978లో వచ్చిన ప్రయోగంలో, డమ్మీతో వచ్చిన ఉపశమనం కూడా నాలోక్సోన్ ఇస్తే పోయింది. అంటే నమ్మకం కూడా ఒంట్లో రసాయనంగానే పనిచేస్తోంది.

మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు నానమ్మని ఇదే అడిగా. "నానమ్మా, పదికి ఎంత మంట?" ఆవిడకి పది లెక్క నచ్చలేదు. కాసేపు ఆలోచించి "పగలు నాలుగణాలు, రాత్రి పన్నెండణాలు" అంది. పదహారుకి పన్నెండు. నేను ఫోన్‌లో రాసుకున్నా. రాసుకోవడం చూసి, ఎప్పుడు మొదలైందో, ఏ వేలి నించి పైకి పాకిందో, అడగకుండానే అన్నీ చెప్పింది. ఆ కాగితంతో ఈసారి డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తున్నా. నరాల నొప్పి తగ్గించడానికి వేరే పాత మందులు ఉన్నాయి, అడిగితేనే కదా రాస్తారు.

మన క్యాంపస్ హెల్త్ సెంటర్ రిజిస్టర్‌లో పేరు, రోల్ నంబర్, టెంపరేచర్, బీపీ, ఇచ్చిన మందు అని ఐదు గడులున్నాయి. ఆరో గడి ఒకటి గీయమని స్టూడెంట్ కౌన్సిల్‌కి అర్జీ పెడుతున్నాం. అందులో సున్నా నించి పది దాకా ఒక అంకె, వచ్చినవాళ్ళే చెప్పింది, చెప్పినట్టుగా రాయాలి. ల్యాబ్ మిస్ అయిన రోజు ఆ పేజీ ఫొటో చూపిస్తే సరిపోవాలి. అర్జీ ప్రింట్ మా హాస్టల్ నోటీస్ బోర్డ్ పక్కన ఉంది, పెన్ను కూడా దారంతో కట్టే ఉంది.